మసిగుడ్డకు ఎడమవైపు

సీట్లు కుట్టే షెడ్డు,
జూలై, వాన పడుతుండగా

ఏమే ప్లీడరమ్మా,

ఫోన్ చేద్దామనుకున్నాను. కానీ ఫోన్‌లో నీతో మాట్లాడటమంటే కుళాయి కింద నోరు పెట్టడమే. ఒక గుక్క మింగేలోపు ఇంకో గుక్క. అందుకని మిషను ఆపి, బస్సు సీటు మీద కాగితం పెట్టుకుని రాస్తున్నా. మధ్యలో నువ్వు అడ్డం రాలేవు కదా, హాయిగా ఉంది.

సంగతేమిటంటే, పోయిన ఆదివారం మన గుర్రం మసిగుడ్డ పళ్ళ డాక్టర్ని పడేసింది. పడేసింది అనడం కూడా తప్పే, ఆయన అసలు ఎక్కందే! నేనింకా మైదానానికి రాలేదు. ఎవరో కొత్తవాళ్ళొస్తే, గుర్రం ఎలా ఎక్కాలో చూపిస్తానని ఎడమవైపు నుంచి వెళ్ళి రికాబులో కాలు పెట్టాడట. అది గిర్రున తిరిగింది. ఆయన ఒక కాలు రికాబులో, ఒక కాలు గాల్లో, చివరికి మొత్తం మనిషి నీళ్ళతొట్టిలో. స్వారీ సంఘం కార్యదర్శి అంతటివాడు తొట్టిలో కూర్చుని ఉంటే నవ్వనివాళ్ళెవరు? రొట్టెలావిడ నవ్విన నవ్వు ఆయన చెవిలో ఇంకా మోగుతోంది. అదే అసలు తంటా.

మర్నాటికల్లా గుర్రపుశాల తలుపు మీద నోటీసు. ఎడమవైపు నుంచి ఎక్కనివ్వనిది మొండి గుర్రమట. అలాంటిది సంఘంలో ఉండకూడదట. వేలం వేస్తారట. ఇటుకబట్టీ అతను అప్పుడే వచ్చి దాని కాళ్ళు తడిమి చూసి వెళ్ళాడు, సంతలో వంకాయలు నొక్కి చూసినట్టు.

నీకు తెలుసు కదా, నా ఎడమ మోకాలు పోయినప్పట్నుంచీ నేను కుడివైపు నుంచే ఎక్కుతున్నాను. దానికీ అదే అలవాటైంది. అంతే.

నాలుగు మంచి మాటలు రాసిపెట్టవే. ఎక్కువొద్దు. "ఈ ఒక్క గుర్రానికి మినహాయింపు ఇవ్వండి, కుడివైపు నుంచి ఎక్కనివ్వండి" అని వినయంగా. నేను రాస్తే వినతిలా ఉండదు, బెదిరింపులా ఉంటుంది. నువ్వు స్వారీ నేర్చుకున్నది దాని మీదే. ఆ విశ్వాసం ఉంచుకుని రాయి. పొట్టిగా రాయి.

నీ అత్త


హాస్టలు, రెండో అంతస్తు, మూతపడని కిటికీ ఉన్న గది,
జూలై చివర

అత్తకు,

నీ ఉత్తరం అందిన నాడు నేను తరగతికి వెళ్ళలేదు. అక్కడ న్యాయం అంటే ఏమిటో వివరిస్తున్నారు. ఇక్కడ నా బల్ల మీద అన్యాయం నిలువెత్తున కూర్చుని ఉంది. రెండింటిలో ఏది అత్యవసరమో నిర్ణయించుకోవడానికి నాకు ఎంతోసేపు పట్టలేదు.

ముందుగా స్పష్టం చేయవలసిన విషయం ఒకటుంది. నేను మినహాయింపు అడగను. మినహాయింపు కోరేవాడు నియమం సరైనదేనని ముందే ఒప్పుకున్నవాడు. అది భిక్ష. మనం ప్రశ్నించవలసింది నియమాన్నే. గుర్రాన్ని ఎడమవైపు నుంచే ఎందుకు ఎక్కాలి? పూర్వం రౌతు నడుముకు ఎడమపక్కన కత్తి వేలాడేదనీ, అది అడ్డుపడకుండా కుడికాలు అవతలికి వేయడానికి ఆ పద్ధతి పుట్టిందనీ అంటారు. మంచిది. ఇప్పుడు పళ్ళ డాక్టరు గారి నడుముకు ఏం వేలాడుతోంది? తాళాల గుత్తి! అయిదు గుర్రాలు, ఒక కంచె, ఒక నీళ్ళతొట్టి ఉన్న మన పేట సంఘం, ఆదివారం పూట కంపౌండర్లూ కూరగాయల వాళ్ళూ ఎవరైనా వచ్చి హాయిగా స్వారీ చేసుకోవడానికి పెట్టుకున్న సంఘం, ఎన్నడూ చేయని యుద్ధాల మర్యాదను పాటిస్తోంది.

వినతిపత్రం జతచేశాను. పొట్టిగా లేదు. పొట్టి వాక్యాలు అధికారంలో ఉన్నవాళ్ళకు సౌకర్యం. మూడో భాగం నీ మోకాలి గురించి. "కుంటుతూ వచ్చిన ఒక స్త్రీకి ఆ మూగజీవం తన కుడిపక్కను అప్పగించింది, ఆ దయకు శిక్షగా దానిని ఇటుకబట్టీకి పంపుతారా?" అని ముగించాను. బిగ్గరగా చదివితే నా పక్కమంచం అమ్మాయి లేచి కూర్చుంది. భూకంపం వచ్చినా లేచే మనిషి కాదు ఆమె.

చివరి భాగమే అసలు బలం. ఎడమకూ కుడికీ సమాన హోదా ఇవ్వాలన్నాను. సంఘంలోని ప్రతి గుర్రమూ రెండు వైపుల నుంచీ ఎక్కించుకునేలా తర్ఫీదు పొందాలి. ఏదో ఒక పక్కకే కట్టుబడే ఆచారం ఎవరిదైనా రద్దు కావాలి. ఇలా అడిగితే మనం స్వార్థం కోసం మాట్లాడుతున్నామని ఎవరూ వేలెత్తి చూపలేరు. ప్రత్యర్థికి పట్టు దొరకని చోట నిలబడి వాదించాలన్నది నా మొదటి పాఠం.

ఒక ప్రతిని నేరుగా కార్యదర్శికే పంపాను. నీకిస్తే మొహమాటపడి సూదుల పెట్టెలో దాస్తావు.

మసిగుడ్డ చెవి వెనక నా తరఫున గోకు.

నీ మేనకోడలు


షెడ్డు,
ఆగస్టు

ప్లీడరమ్మా,

గరిటెడు మజ్జిగ అడిగితే ఏరు మళ్ళించావు కదే!

నీ కవరు నేను విప్పకముందే పళ్ళ డాక్టరు గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో నీ కాగితాలు. మొహం చూస్తే ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలీదు.

"ఏమండీ, మీ మేనకోడలు నన్ను 'కత్తి లేని ఒర' అని రాసిందండీ."

"చిన్నపిల్లండీ, నోటి దురద. వదిలేయండి."

"వదిలేయడమేంటండీ, ఎంత బాగా రాసిందని! మా ఆవిడ రెండుసార్లు చదివించుకుంది. రెండోసారి ఒర దగ్గర మరీ ఎక్కువ నవ్వింది, అది వేరే సంగతి. సభలో పెడతాం."

ఆయనే మళ్ళీ, "అయ్యో, నిలబడే ఉన్నారే, మీ మోకాలు!" అని కుర్చీ లాగాడు. నేను కూర్చున్నాను. కూర్చోక ఏం చేస్తాను?

చూడు, నాకొక్క సాయం చెయ్యి. ఆ చివరి భాగం వెనక్కి తీసుకుంటున్నానని ఒక్క ముక్క రాసి పంపు. ప్రతి గుర్రమూ రెండు వైపులా ఏమిటే? ఎందుకొచ్చిన గొడవ? కుడివైపు చాలు మనకి. ఎందుకని అడక్కు. పెద్దదాన్ని చెబుతున్నాను కదా.

అత్త


హాస్టలు,
ఆగస్టు

అత్తకు,

"ఎందుకని అడక్కు" అన్న వాక్యాన్ని ఎర్ర సిరాతో చుట్టి గోడకు అంటించాను. ఈ వాక్యంతోనే కదా ప్రపంచంలోని సమస్త కార్యదర్శులూ పాలిస్తున్నారు! నీ నుంచి రావడం నాకు రుచించలేదు.

వెనక్కి తీసుకోను. నా వాదంలో తప్పు చూపించు, తీసుకుంటాను. కారణం చెప్పకుండా పెద్దరికం చూపిస్తే మాత్రం ఒప్పుకోను. నువ్వు గెలుపుకు భయపడుతున్నావని నా అనుమానం. మన పేటలో అందరికీ ఉన్న జబ్బే ఇది: ఓడిపోతే తలరాత అంటారు, గెలిచే సూచన కనిపిస్తే గొడవ అంటారు. నీ కోసం, ఆ గుర్రం కోసం నేను రాత్రులు కాగితాలు నింపుతుంటే, నువ్వేమో వినతిపత్రం బాగుందని కూడా అనలేదు. ఒర గురించి పళ్ళ డాక్టరుకు తెలిసినంత నీకు తెలియలేదు.

నీకు సంతోషం ఎందుకు లేదు? ఇది వాదన కాదు. నిజంగానే అడుగుతున్నాను.

మేనకోడలు


షెడ్డు,
సెప్టెంబరు

అమ్మాయ్,

గెలిచావు. సభలో ఒక్కరు కూడా ఎదురు చెప్పలేదు. రొట్టెలావిడ నా మోకాలి భాగం విని కళ్ళు ఒత్తుకుంది. పళ్ళ డాక్టరు లేచి, "ఇకనుంచి మన సంఘంలో ఎడమా కుడీ ఒకటే. నెలాఖరు ఆదివారం అన్ని గుర్రాలకీ పరీక్ష. రెండు వైపుల నుంచీ ఎక్కించుకున్నది ఉంటుంది, ఎక్కించుకోనిది వెళ్ళిపోతుంది. మసిగుడ్డను నేనే స్వయంగా ఎడమవైపు నుంచి ఎక్కుతాను" అన్నాడు. చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. అందరూ నా వైపే చూస్తున్నారు మరి.

అడిగావు కదా, ఎందుకు సంతోషం లేదని. విను.

మసిగుడ్డకి ఎడమకన్ను కనిపించదు. రెండేళ్ళ కిందటే పోయింది. ఒకరోజు గేటు స్తంభానికి ఎడమ భుజం కొట్టుకుంది. మర్నాడూ అక్కడే కొట్టుకుంది. పక్క ఊరి పశువుల డాక్టరుకి చూపించాను. లోపల నరం చచ్చిపోయిందన్నాడు. పైకి ఏమీ తెలీదు, అద్దంలా ఉంటుంది కన్ను. ఎర్రగుర్రానికి కన్ను పోతే మన సంఘం ఏం చేసిందో నీకు గుర్తుందిగా? మర్నాడే లారీ వచ్చింది. అందుకని ఎవరికీ చెప్పలేదు. ఎడమవైపు నుంచి ఎవరైనా చప్పుడు చెయ్యకుండా వస్తే అది హడలిపోతుంది. పళ్ళ డాక్టరప్పుడు జరిగిందదే. నేనైతే అటు వెళ్ళాల్సి వస్తే లొడలొడా వాగుతూ వెళ్తాను. గొంతు వినిపిస్తే చాలు దానికి.

కానీ రోజూ కుడివైపు నుంచి ఎక్కుతుంటే జనం అడగరూ? అందుకని కుంటడం మొదలుపెట్టాను.

నా మోకాలికి ఏ రోగమూ లేదు. కుట్టుమిషను పెడలు అదే కాలితో తొక్కుతున్నానని ఇన్నాళ్ళలో ఒక్కరికీ తట్టలేదు. మొదట్లో రెండు మూడుసార్లు కాలు మారిపోయింది కూడా. ఇప్పుడు ఇంట్లో ఎవరూ లేకపోయినా కుంటుతున్నాను.

నేనడిగింది ఒక్క మినహాయింపు. నువ్వు సూత్రం తెచ్చావు. ఇప్పుడా సూత్రమే దాన్ని బట్టీకి తోలుతుంది. రోడ్డు మీద బండికి కడితే, ఆ కంటివైపు నుంచి లారీ వస్తే, అమ్మాయ్, ఎవరు వాగుతారు దానికి?

అత్త


హాస్టలు,
సెప్టెంబరు

అత్తకు,

నీ మోకాలు ఆరోగ్యంగా ఉన్నందుకు సంతోషం.

మేనకోడలు


షెడ్డు,
సెప్టెంబరు

ఒక్క వాక్యానికి అంత పెద్ద కవరెందుకే? స్టాంపు దండగ.

కోపమొచ్చిందా? రానీ. నాకూ వచ్చింది. నీ మీద, పళ్ళ డాక్టరు మీద, అన్నిటికంటే నా కుంటుకాలి మీద. రాత్రి నిద్రలేచి నీళ్ళకి వెళ్తూ కుంటాను, నా మీద నాకే చిరాకు. రొట్టెలావిడ ఇవాళ కూడా నా సంచి మోసుకొచ్చి, "మీ మేనకోడలు పిల్ల రాసింది గుర్తొస్తే గుండె కరిగిపోతుందండీ" అంది. భూమి చీలితే దూరిపోదును.

తిట్టడానికైనా రాయి. నువ్వు మాట్లాడకపోతే నాకూ హడలుగానే ఉంటుంది.

అత్త


హాస్టలు,
సెప్టెంబరు, ఇంకో వారం తర్వాత

అత్తకు,

తిట్టడానికే కూర్చున్నాను. కనుక సావధానంగా చదువు.

నువ్వు నా చేత అబద్ధపు కేసు వాదింపజేశావు. మసిపూసి మారేడుకాయ చేశావు, పైగా ఆ మసి నా చేతే పూయించావు. నా మూడో భాగం, నేను ఇంతవరకూ రాసిన వాటిలోకెల్లా శ్రేష్ఠమైనది, లేని ఒక కుంటితనానికి కట్టిన గుడి. నన్ను నమ్మి ఒక్క మాట ముందే చెప్పి ఉంటే, కుడివైపుకు మినహాయింపు అడిగి ఊరుకునేదాన్ని. "ఊరుకునేదానివా?" అని నువ్వు నవ్వుతావు. ఆ నవ్వు నాకు ఇక్కడికి వినిపిస్తోంది. చెప్పలేను. ఊరుకునేదాన్ని కానేమో. ఆ సంగతి తలచుకుంటే నీ మీద కోపం ఇంకా పెరుగుతోంది, ఎందుకో నాకే తెలియడం లేదు.

వారమంతా చిర్రుబుర్రులాడుతూ తిరిగాను. కళాశాలల పోటీలో మొదటిసారి మధ్యలో ఆగిపోయాను. ఎదుటి జట్టువాడు "ప్రత్యర్థి వాదన వినడానికి బాగుంది, కానీ విషయం చూశారా?" అన్నాడు. అది పాత ఎత్తుగడ. రోజూ తిప్పికొట్టేదాన్ని. ఆ రోజు తిప్పికొట్టలేకపోయాను.

ఇక అసలు మాట. పోయిన సెలవుల్లో నేను మసిగుడ్డ ఎడమపక్కన నిలబడి, రొట్టెలావిడతో ఇంటి అద్దెల గురించి వాదిస్తున్నాను. జూలు పట్టుకుని, చేతులు తిప్పుతూ, దాని మెడ మీద గుద్దుతూ కూడా వాదించాను. అది కదల్లేదు. చెవి ఒక్కటి నా వైపు తిప్పి నిలబడింది. నా వాదన నచ్చిందనుకుని గర్వపడ్డాను. మర్నాడు మౌనంగా అదే పక్క నుంచి వెళితే నన్ను కరవబోయింది. జంతువుకు నిలకడ లేదని నిన్ను తిట్టాను. అప్పుడే చెప్పి ఉండవచ్చు కదా అత్తా!

వస్తున్నాను. పరీక్ష ఆదివారం మొదటి బస్సుకు. నేను వచ్చేలోపు నువ్వు చేయవలసిన పని ఒకటుంది: సభ్యులందరి ముందూ కన్ను సంగతి, మోకాలి సంగతి చెప్పాలి. నువ్వే చెప్పాలి. నా చేత రాయించుకుని చదవకూడదు. చెప్పాక కుంటకుండా నడిచి వెళ్ళి నీ చోట కూర్చోవాలి. ఆ తర్వాత పళ్ళ డాక్టరు ఎడమవైపు నుంచే ఎక్కనీ. ఆ పక్కన నేను నిలబడతాను. మాట్లాడతాను. నాకు బాగా చేతనైన పని అదొక్కటేనని నీకు తెలుసు.

మేనకోడలు


షెడ్డు,
అక్టోబరు

ప్లీడరమ్మా,

పరీక్ష అవుతూనే బస్సు పోతుందని నువ్వు పరిగెత్తావు, సంఘం వాళ్ళు అప్పుడే లోపలికి వెళ్ళి తలుపేసుకున్నారు. ఏం తేల్చారో చెబుతానన్నాను కదా, ఇన్ని వారాలకి రాస్తున్నాను.

నువ్వు చూడని ముక్క ఒకటుంది. గుర్రం దిగాక పళ్ళ డాక్టరు నా పక్కకొచ్చి, "ఏమండీ, అది కదలకుండా ఎక్కించుకుంది, బాగానే నడిచింది, అంతా నిజమే. కానీ పక్కన మీ మేనకోడలి మాటలతో ఒక చుట్టు తిరిగేలోపు బస్సు చార్జీలు ఎందుకు తగ్గించాలో నాకు మొత్తం తెలిసిపోయిందండీ" అన్నాడు. చెవులు తుడుచుకున్నాడు కూడా.

తీర్పు ఇది. మసిగుడ్డని ఈ ఏడాదికి అమ్మరు. వచ్చే ఏడు మళ్ళీ చూస్తారట. పరిగెత్తించకూడదు, నడకే. ఎక్కేవాళ్ళకి కన్ను సంగతి ముందే చెప్పాలి. మన బాటలో మిగతా గుర్రాలు దాటేది ఎడమవైపు నుంచే కాబట్టి, ఆ పక్కన ఒక మనిషి ఆపకుండా మాట్లాడుతూ నడవాలి. మిగతా గుర్రాలకి నీ రెండువైపుల నియమం అలాగే ఉంటుంది. అంటే ఏమిటన్నమాట? మినహాయింపు! నువ్వు భిక్ష అన్నావే, అదే. ఏదీ, ఇప్పుడు గోడకి అంటించు.

అందరి ముందూ ఒప్పుకున్నా, అన్నాళ్ళు దాచినందుకు నాకు శిక్ష పడింది. శాల తాళంచెవి తీసేసుకున్నారు. ఇకమీదట అందరిలాగా నేనూ గేటు తీసేదాకా బయట నిలబడాలి. అది ఫరవాలేదు. రొట్టెలావిడ మాత్రం నాతో మాట్లాడటం లేదు. రెండేళ్ళు నా సంచులు మోసిందే, ఎలా మాట్లాడుతుంది? మొన్న ఆమె బరువైన పిండి మూట దించుకుంటుంటే పరిగెత్తుకుంటూ వెళ్ళి ఒక కొస పట్టుకున్నాను. "పరుగు కూడా వచ్చే!" అంది. అంతే. అదైనా అంది.

అసలు తంటా ఇప్పుడు చెబుతాను. నువ్వు వెళ్ళిపోయావు, మరి ఎడమవైపు ఎవరు? నన్ను నాలుగు వారాల దాకా దాని దగ్గరికి రానివ్వరట. గడియారాలు బాగుచేసే తాతగారు నేనుంటానని ముందుకొచ్చాడు. మనిషి బంగారం, కానీ నోట్లోంచి మాట రావాలంటే ముహూర్తం చూడాలి. మొదటి మలుపు దాకా "రా తల్లీ, రా తల్లీ" అన్నాడు. తర్వాత ఏమనాలో తోచలేదు. మసిగుడ్డ ఠక్కున ఆగిపోయింది. మీద కూర్చున్న కంపౌండరు దాని మెడ కావలించుకున్నాడు.

ఏం చెయ్యను? సంచిలో నీ వినతిపత్రం ఉంది. కంచె మీదనుంచి అందించి, "చదవండి తాతగారూ" అన్నాను. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని మొదలుపెట్టాడు. చెవి తిప్పింది. కదిలింది. నీ వాక్యాలు ఊపిరి పీల్చుకోనివ్వవు కదా, ఆయన ఆగడానికి చోటు దొరక్క చదువుతూనే ఉన్నాడు, అది నడుస్తూనే ఉంది. చుట్టు మొత్తం!

ఒర దగ్గరికి వచ్చేసరికి పళ్ళ డాక్టరు కంచె దగ్గరే ఉన్నాడు. "తాతగారూ, ఆ ముక్క దాటేయకూడదా?" అన్నాడు. "దాటేస్తే ఆగిపోతుందండీ" అన్నాడాయన, చదవడం ఆపకుండానే. ఇప్పుడది ప్రతి ఆదివారం వింటున్నాడు పాపం. మూడో భాగం వచ్చినప్పుడు నేను నీళ్ళతొట్టి వైపు తిరిగి నిలబడతాను.

వినతిపత్రం అందరికీ నోటికొచ్చేసింది. మోకాలి గుడి గురించి తిట్టిన ఉత్తరం కూడా ఇచ్చాను, సిగ్గుపడుతూనే. అది బాగా నడిచింది. నీ ఒక్క వాక్యం ఉత్తరం కూడా చూశాం. గేటు దగ్గర మొదలై గేటు దగ్గరే అయిపోయింది.

నా మీద కోపం పోయిందని బస్సెక్కుతూ అన్నావు. పోకపోతే బాగుండు, కోపంలో నువ్వు పొడుగ్గా రాస్తావు. ఆదివారానికి అందేలా పంపు, ఎవర్నైనా తిట్టు, ఫరవాలేదు. కానీ కాగితానికి ఒకవైపే రాయి. తాతగారు పేజీ తిప్పేలోపు అది ఆగిపోతోంది.

నీ అత్త